బొటనవేలంత సందు

ఆ ఎండాకాలం మా లారీ రిపేరు షెడ్డుకు పరదా కట్టించింది మా ఆయనే. లారీల మీద కప్పే పాత టార్పాలిన్ ఒకటి ఎక్కడినుంచో తెచ్చి, రోడ్డు వైపున్న రెండు గుంజలకు కడదామన్నాడు. కుడిచెయ్యి మోచేతి పైదాకా పట్టీలో ఉంది కాబట్టి ముళ్లు వేయడానికి నన్నే పిలిచాడు. వెళ్లి వేశాను. నన్ను దాచడానికి కట్టే పరదాకు ముళ్లు నేనే వేశానని తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే కోపం వస్తుంది.

"రోడ్డు మీద పొయ్యెటోళ్లందరు చూస్తరే రుక్కా. మొగని చెయ్యి ఇరిగితే పెండ్లాం లారీ కింద పన్నదని నవ్వుతరు" అన్నాడు.

"నవ్వనియ్యి" అన్నాను. అన్నాను గానీ ముడి మాత్రం గట్టిగానే బిగించాను.

అది తొంభై ఎనిమిది. కొత్తగూడ చౌరస్తాకు కొంచెం ఇవతల మా రేకుల షెడ్డు. మాదాపూర్ వైపు గుట్టలు పేల్చి హైటెక్ సిటీ కడుతున్నారు. తెల్లారింది మొదలు చీకటి పడేదాకా టిప్పర్లు రాయి మోసుకుని మా ముందు నుంచే పోయేవి. ఆ దుమ్ముకు మా అత్త సత్తెమ్మ నీళ్లకుండ మీద రెండు గుడ్డలు కప్పేది. అన్నంలో మాత్రం దుమ్ము తగిలేదే. అలవాటు పడ్డాం.

ఉగాది వెళ్లిన వారానికి జాకీ జారి, లారీ కమాను కట్ట మా ఆయన జంగయ్య చేతి మీద పడింది. దవాఖానలో లోపల రాడ్ వేసి, రెండు నెలలు బరువు ముట్టొద్దన్నారు. ఇంటికి వచ్చిన రోజే షెడ్డు బంద్ చేసి మా ఊరు ఆమనగల్లు పోదామన్నాడు.

"ఆడ పోయి ఏం జేస్తం? చెయ్యి నీది ఇరిగింది. నాది ఇరగలే గద" అన్నాను.

ఆ మాట ఊరికే అనలేదు. ఏడేళ్లుగా ఆ షెడ్డులో పని చేస్తున్నదాన్ని. మొదట పానాలు అందించాను. తర్వాత లైటు పట్టుకున్నాను. ఆయన చాయ్‌కి పోయినప్పుడు సగంలో ఉన్న బోల్టులు బిగించాను. నాలుగో ఏడు వచ్చేసరికి బ్రేకులు, హబ్బులు, క్లచ్‌లు అన్నీ నా చేతి మీదే అయ్యేవి. బండివాళ్లు వచ్చి అడిగితే మాత్రం "నేనే జేసిన" అనేవాడు జంగయ్య. నేను పొయ్యి దగ్గర నిలబడి వినేదాన్ని. అందులో ఆయనకు అబద్ధం కనిపించలేదు. నాకు కనిపించేది, కానీ నోరు తెరవలేదు.

మా అత్తకు నా పనంటే గిట్టేది కాదు. జంగయ్య పాత ప్యాంటు, షర్టు వేసుకుని బండి కిందికి పోతుంటే మొహం తిప్పుకునేది. "ఎల్లెలుకల పండి పని జేసుడేంది, ఇదేం కాలం" అని గోడకు చెప్పేది.

మే మొదటి వారంలో వెంకటనారాయణ గారి టిప్పర్ వచ్చింది. ఆయనది గుడివాడ దగ్గర ఊరు. హైటెక్ సిటీ సైట్‌కు నాలుగు టిప్పర్లు తిప్పేవాడు. మెత్తని మనిషే, కానీ గడియారం చూడకుండా మాట్లాడేవాడు కాదు. ఆ టిప్పర్ నిండు బరువుతో ఎత్తు ఎక్కలేకపోతోందట. ఇంజన్ అరుస్తుంది, బండి కదలదు. క్లచ్ ప్లేట్ అయిపోయిందని చూడకుండానే చెప్పొచ్చు.

"నీ చేయి ఇలా ఉంటే ఎవరు చేస్తారు జంగయ్యా?" అని అడిగాడు.

"పటాన్‌చెరు నుంచి మా తోడల్లుడొస్తున్నడు సారూ. పెద్ద మేస్త్రీ. ఫికర్ జెయ్యకుండ్రి."

నాకు చెల్లెలే లేదు. అక్క కూడా లేదు. పరదా వెనక నుంచి ఆ మాట విని పళ్లు కొరుక్కున్నాను.

"సామానంతా నేనే స్వయంగా రాణిగంజ్‌లో కొని తెచ్చానండి. ఎల్లుండి పది గంటలకల్లా బండి సైట్‌లో ఉండాలి" అని అట్టడబ్బాలు దింపించి వెళ్లిపోయాడు. డ్రైవర్ పెంటయ్య మాత్రం బండితోనే ఉన్నాడు. దేవరకొండ దిక్కు మనిషి, యాభై దాటినవాడు. పరదా పక్కకు తోసి లోపలికి వచ్చి, నన్నూ నా చేతిలోని పానానూ చూసి, "పటాన్‌చెరు నుంచి బాగానే వచ్చినవ్ చెల్లె" అని నవ్వి, చొక్కా విప్పి సాయానికి దిగాడు.

మొదటి రోజు అంతా సాఫీగానే జరిగింది. చైన్ కప్పీకి తగిలించి గేర్‌బాక్స్ దించాం. పాత ప్లేట్ రివిట్లు తేలేదాకా అరిగిపోయి ఉంది. ఇంజన్ వెనక ఫ్లైవీల్ ఉంటుంది, దాని నట్టనడుమ చిన్న గుంట, ఆ గుంటలో పైలట్ బేరింగ్. గేర్‌బాక్స్ షాఫ్ట్ ముక్కు వచ్చి దూరేది అందులోనే. అది కూడా గరగరమంటోంది. దాన్ని తీసి డబ్బాలోని కొత్తది కొట్టాను. కొత్త ప్లేట్ నడుమకు రావడానికి మా దగ్గరున్న పాత షాఫ్ట్ ముక్కను దూర్చి చూసుకుని, పైన ప్రెషర్ ప్లేట్ బిగించాను. ముక్క సుతారంగా దూరింది, సుతారంగా వచ్చింది. ఇంకేం, పని అయిపోయినట్టే అనుకున్నాను.

రెండో రోజు పొద్దున గేర్‌బాక్స్ పైకి లేపాం. షాఫ్ట్ పళ్లు ప్లేట్‌లోకి దిగాయి. పెంటయ్య కప్పీ గొలుసు లాగుతుంటే నేను కింద పడుకుని నెట్టాను. అంతా వెళ్లింది, చివర్లో ఆగింది. గేర్‌బాక్స్ మూతికీ ఇంజన్‌కూ మధ్య నా బొటనవేలు పట్టేంత సందు మిగిలింది.

గేర్ వేసి, గేర్‌బాక్స్ వెనక ఉండే ఫ్లాంజ్ బిళ్లను తిప్పి చూశాను. పళ్లు పట్టే ఉన్నాయి. గొలుసు ఒక లంకె పైకి, ఒక లంకె కిందికి చేసి చూశాం, వంపేమైనా ఉందేమోనని. లేదు. దించి, ప్రెషర్ ప్లేట్ వదులు చేసి, పాత ముక్కతో మళ్లీ నడుమకు తెచ్చి, మళ్లీ లేపాం. మధ్యాహ్నం అయింది. అదే సందు. మూడోసారి చేశాం. అదే సందు. సాయంత్రానికి నా భుజాలు పైకి లేవడం మానేశాయి.

జంగయ్య పక్కనే స్టూలు మీద కూర్చుని చెమటలు కక్కుతున్నాడు. "బోల్టులతోటి గుంజు రుక్కా. నాలుగు దిక్కుల ఒక్కో చుట్టు బిగిస్తే అదే పోతది."

"దానంతట అది పోవాలె. గుంజితే లోపట ఏదో ఇరుగుతది. నువ్వే జెప్పినవ్ నాకు."

"అప్పుడు నా చెయ్యి మంచిగుండె. ఇప్పుడు పరువు పోయేటట్టుంది."

మూడో రోజు పది కాకముందే వెంకటనారాయణ గారు దిగాడు. సందు అలాగే ఉంది. నేను బండి కింద ఉన్నాను. ఆయన చెప్పులు కనిపిస్తున్నాయి నాకు.

"ఏంటి జంగయ్యా, ఇంకా వేలాడుతూనే ఉందేంటి? మీ తోడల్లుడేడీ?"

"చాయ్ తాగొస్తనని పోయిండు సారూ."

"మరి కింద ఎవరు?"

రెండు క్షణాలు చూశాను జంగయ్య ఏమైనా అంటాడేమోనని. తర్వాత నేనే జరిగి బయటికి వచ్చి లేచి నిలబడ్డాను. మొహం నిండా గ్రీజు, జుట్టుకు గుడ్డ.

"నేనే సారూ. తోడల్లుడు లేడు ఎవడు లేడు. దించింది నేనే, ఎక్కించేది నేనే."

ఆయన నన్ను చూడలేదు, జంగయ్యను చూశాడు. "ఆడమనిషి చేత చేయించావా? అందుకే ఎక్కలేదు. నా బండి మీద నేర్చుకుంటున్నారా మీరు?" అని మోటార్‌సైకిల్ తిప్పి వెళ్లిపోయాడు. గంటలో మియాపూర్ నుంచి కిష్టయ్య అనే మేస్త్రీని వెనక కూర్చోబెట్టుకుని వచ్చాడు.

కిష్టయ్యకు ఆ రోడ్డు మీద పేరుంది. కింద దూరి చూసి, సందులో వేలు పెట్టి, బయటికి వచ్చి చేతులు దులుపుకున్నాడు. "దీనికేముంది? నాలుగు పొడుగు బోల్టులు ఏసి గుంజితే పది నిమిషాల పని. బోల్టులు ఇటియ్యమ్మా."

బోల్టులు నా చేతిలోని రేకు డబ్బాలో ఉన్నాయి. "ఇయ్య" అన్నాను.

"ఏంది?"

"షాఫ్ట్ ముక్కు ఎక్కడనో తట్టుకుంటున్నది. నువ్వు గుంజితే ముక్కన్న పోతది, గేర్‌బాక్స్ చెవన్న పగులుతది. గది ఈడ పగలదు, నిండు బరువుతోటి కోకాపేట క్వారీ దిగుతుంటే పగులుతది. బండిల పెంటయ్యన్న ఉంటడు. రెండు గంటలు టైమియ్యుండ్రి, మళ్ల ఇప్పి చూస్త."

"ఇరవై ఏండ్ల సంది చేస్తున్న నేను. నువ్వు నాకు చెప్తవా?"

"చెప్తున్న."

"జంగయ్యా, నీ భార్యకు చెప్పు" అన్నాడు వెంకటనారాయణ గారు.

జంగయ్య లేచి నా దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించి, "ఇచ్చెయ్యే. జర నా మాటిను. పోయిందాంక పోయింది, ఇగ ఇజ్జత్ తియ్యకు" అని ఎడమచెయ్యి చాపాడు. ఇస్తానేమోనని నాకే భయం వేసింది. ఏడేళ్లూ ఆయన అడిగినప్పుడల్లా ఆ చేతిలో పానా పెట్టినదాన్ని.

అప్పుడు మా అత్త లేచింది. పొయ్యి దగ్గరినుంచి నిదానంగా వచ్చి, నా చేతిలోని డబ్బా తీసుకుంది. అయిపోయింది అనుకున్నాను. ఆమె డబ్బా వంచి బోల్టులన్నీ తన ఒడిలో పోసుకుని, కొంగు మడిచి బొడ్లో దోపి, టిప్పర్ ముందు చక్రానికి ఆనుకుని కూర్చుంది.

"పిల్ల రెండు గంటలు అడిగింది" అంది కిష్టయ్యతో. "అంత తొందరుంటే నా ఒళ్ల చెయ్యి పెట్టి తీసుకో బిడ్డా."

పెంటయ్య పక్కకు తిరిగి నవ్వాడు. కిష్టయ్య మొహం ఎర్రబడింది. వెంకటనారాయణ గారు గడియారం చూసుకుని, "సరే, రెండు గంటలు" అన్నాడు.

మళ్లీ దించాం. ఆ రెండు రోజులూ నేను ఒకటే తప్పు చేశానని కింద పడుకుని ఉన్నప్పుడు తట్టింది. ప్రతిసారీ పాత షాఫ్ట్ ముక్కతోనే కొలుచుకుంటున్నాను. ఆ ముక్క ఎన్నో బండ్లలో దూరి దూరి అరిగింది. పైగా పనికి సులువుగా ఉంటుందని జంగయ్య ఎప్పుడో ఆకురాయి పట్టి దాని ముక్కు సన్నం చేశాడు. అది దూరినంత మాత్రాన అసలు షాఫ్ట్ దూరాలని ఎక్కడుంది?

ప్రెషర్ ప్లేట్, క్లచ్ ప్లేట్ విప్పాను. కొత్త బేరింగ్ వెనక గుంటలో గ్రీజు కూరి, పాత ముక్క పెట్టి సుత్తితో కొడితే గ్రీజు ఒత్తిడికి బేరింగ్ బయటికి వచ్చింది. డీజిల్‌తో కడిగి, కింద పడుకోబెట్టిన గేర్‌బాక్స్ దగ్గరికి వెళ్లి, దాని షాఫ్ట్ ముక్కుకు తొడిగాను.

ఎక్కలేదు.

మూలన పడేసిన పాత బేరింగ్ తెచ్చి తొడిగాను. జారుకుంటూ వెళ్లి కూర్చుంది. బయటి చుట్టుకొలత రెండింటిదీ ఒకటే. లోపలి రంధ్రం మాత్రం కొత్తదానిది సన్నం.

కొత్త బేరింగ్‌ను కిష్టయ్య చేతిలో పెట్టాను. అతను వంగి తొడిగి చూశాడు. తిప్పి చూశాడు. మూడోసారి కూడా చూసి, దాని అంచున ఉన్న నంబరు గోటితో గ్రీజు గీకి చదివాడు.

"బేరింగ్ తప్పొచ్చింది సేఠ్. వేరే బండిది ఇచ్చిండు దుకాణపాయన" అన్నాడు. తర్వాత నావైపు చూడకుండానే, "గుంజితే పగులుతుండె" అని చేతులు కడుక్కోవడానికి పోయాడు.

వెంకటనారాయణ గారు ఆ డబ్బాను అటూ ఇటూ తిప్పాడు. కొన్నది ఆయనే. పాతది చూపించకుండా బండి పేరు చెప్పి తెచ్చాడు. "ఇప్పుడే వెళ్లి మార్చుకొస్తాను" అన్నాడు.

"నేను గూడ వస్త. ఈసారి కొలిచి తీసుకుందం" అన్నాను.

రాణిగంజ్ దుకాణంలో కౌంటర్ మనిషి నన్ను దాటి, మా వెంట వచ్చిన పెంటయ్యతో మాట్లాడాడు. నేను రెండు బేరింగులూ అద్దం మీద టకటకమని పెట్టి, "ఇటు జూడన్నా. గీ పాతదాని లోపటి కొలత కొలిచి, అంతదే ఇయ్యి" అన్నాను. కొలిచాడు. లోపలికి పోయి ఇంకోటి తెచ్చాడు. అదీ కొలిచి చూపించేదాకా కదలలేదు.

తిరిగి వచ్చేసరికి మూడయింది. రేకుల కింద గాలి కాలుతోంది. బేరింగ్ ముందే షాఫ్ట్ ముక్కుకు తొడిగి చూసుకుని, తీసి గుంటలో కొట్టి, ప్లేట్లు బిగించి, గేర్‌బాక్స్ లేపాం. పెంటయ్య గొలుసు లాగాడు. నేను రెండు చేతులతో ఒక్క నెట్టు నెట్టాను. వెనక ఫ్లాంజ్ కొంచెం తిప్పాను. లోపల ఏదో దారి దొరికినట్టు ఒక్కసారి కదిలి, మెత్తగా వెళ్లి ఇంజన్‌కు ఆనుకుంది. సందులో పెట్టి చూద్దామంటే గోరు కూడా పట్టలేదు.

"అత్తమ్మా, ఇగ బోల్టులియ్యి" అన్నాను.

ఆమె ఒక్కొక్కటే తీసి అందించింది. మొదటిసారి ఆమె చేతికి గ్రీజు అంటింది. కొంగుకు తుడుచుకోలేదు, నా షర్టుకు తుడిచింది.

టిప్పర్ పోయిన మూడో రోజు వెంకటనారాయణ గారు మళ్లీ వచ్చాడు. ఈసారి గడియారం చూసుకోలేదు. చాయ్ తాగాడు. బండి బ్రహ్మాండంగా పోతోందని పెంటయ్య చెప్పాడట.

"నాలుగు బళ్లూ మీ షెడ్డుకే ఇచ్చేద్దామనుకుంటున్నానండి. వానాకాలం పొడుగునా" అన్నాడు.

జంగయ్య మొహం వెలిగిపోయింది.

"కానీ ఒక్క మాట. ఆ పరదా అలాగే ఉండనివ్వండి. సైట్‌లో అడిగితే జంగయ్యే చేశాడని చెబుతాను. నాకేం అభ్యంతరం లేదమ్మా, నేను కళ్లారా చూశాను. కానీ అక్కడ పెద్ద పెద్ద ఇంజనీర్లుంటారు. ఆడవాళ్ల చేత లారీలు చేయిస్తున్నానంటే బళ్లు తీసేయమంటారు. మీ పని మీదే, మీ ఇల్లు మీదే. పేరే కదా."

ఆయన చెడ్డగా చెప్పలేదు. అదే నాకు ఎక్కువ కాలింది.

"పరదా ఉండదు సారూ" అన్నాను.

"తొందరేం లేదు, ఆలోచించుకోండి."

"ఏడేండ్లు ఆలోచించిన."

ఆయన వెళ్లాక జంగయ్య స్టూలును కాలితో తన్నాడు. "నాలుగు బండ్లే! ఇంటికొచ్చినయి తోలేస్తివి. నా పేరు జెప్తే నీకేం పోతది? ఇల్లు ఒకటే గద!"

"ఇల్లు ఒకటే. నడుము నొప్పి ఎవలది?"

"నేను నేర్పకుంటే నీకొచ్చేదా పని?"

"రాకపోతుండె. నువ్వు నేర్పినవనే చెప్త, ఎవలడిగినా చెప్త. మరి నేను జేసిననని నువ్వెందుకు చెప్పవు?"

బయటికి వెళ్లిపోయాడు. నేను గుంజల దగ్గరికి పోయి తాళ్లు విప్పాను. నా ముళ్లే కదా, ఎంతసేపు! ఆ టార్పాలిన్ దులిపి, నేల మీద పరుచుకుని, దాని మీద పడుకుని పని మొదలుపెట్టాను. రోడ్డు మీద ఎర్రబస్సు నెమ్మదించింది. కిటికీల్లోంచి తలలు బయటికి వచ్చాయి. స్కూటర్ల మీది మగవాళ్లు ఈలలు వేశారు. ఒకడు బండి ఆపి, "అక్కా, నా బండికి గాలి కొడ్తవా?" అని ఇకిలించాడు. చేతిలో పానాతో లేచి నిలబడ్డాను. పోయాడు.

ఆ నెల గడవడం కష్టమే అయింది. వెంకటనారాయణ గారి టిప్పర్లు మా ముందు నుంచే మియాపూర్ పోయేవి. పెంటయ్య మాత్రం హారన్ ఒకటి కొట్టి పోయేవాడు. మాకు ఒక నీళ్ల ట్యాంకరు, రెండు ట్రాలీ ఆటోలు, అంతే. జంగయ్య చేతికి పట్టీ తీశారు గానీ పిడికిలి పూర్తిగా మూసుకోలేదు. పొద్దున లేస్తే చౌరస్తాలోని చాయ్ హోటల్‌కు పోయి, అన్నం వేళకు వచ్చి, మళ్లీ పోయేవాడు. నాతో మాటల్లేవు. ఒక రాయి మా ఇద్దరి మధ్య పడ్డట్టే ఉండేది. మా అత్త ఇద్దరికీ అన్నం పెట్టేది, ఎవరినీ ఏమీ అనేది కాదు. నాకు మాత్రం ఒక ముద్ద ఎక్కువ పెట్టేది.

జూన్ నడిమధ్యలో మొదటి వాన పడింది. మర్నాడు తొమ్మిది గంటలకు వెంకటనారాయణ గారు మోటార్‌సైకిల్ బురదలో జారుతుంటే కాలు ఆనించుకుంటూ వచ్చాడు. నేను నీళ్ల ట్యాంకరు కింద ఉన్నాను.

"అమ్మా, రెండో బండి సైట్‌లో ర్యాంపు మీద ఆగిపోయింది. క్లచ్ తొక్కితే గేర్ విడవట్లేదు. వెనక కాంక్రీటు బళ్లన్నీ నిలిచిపోయాయి. ఇంజనీర్లు నన్ను నిలబెట్టి కడిగేస్తున్నారు. కిష్టయ్యేమో సాయంత్రం దాకా రాలేనంటున్నాడు."

బయటికి వచ్చి చేతులు తుడుచుకున్నాను. ఏమి కావాలో లెక్క వేసుకుంటూ సంచీలో పానాలు సర్దుతుంటే జంగయ్య చాయ్ హోటల్ నుంచి వచ్చాడు. ఎవరు చెప్పారో తెలియదు. నా చేతిలోంచి సంచీ తీసుకున్నాడు. చైన్ కప్పీ గొలుసు ఎడమ భుజం మీద వేసుకున్నాడు.

సైట్ గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి రిజిస్టర్ పెట్టుకుని కూర్చున్నాడు. పేరు, పని రాయనిదే ఎవరినీ లోపలికి పోనివ్వరు. లోపలినుంచి హారన్లు ఆగకుండా వినిపిస్తున్నాయి. వెంకటనారాయణ గారు పరుగున వెళ్లి, "రాయండి రాయండి. జంగయ్య, మెకానిక్. ఆమె వెంట వచ్చింది" అన్నాడు.

నేను గేటు ముందు ఆగాను. "ఏం పేరు రాసిన్రు?"

"జంగయ్య" అన్నాడు సెక్యూరిటీ ఆయన.

"గా పేరు మీద నేను లోపటికి రాను."

"ఇప్పుడా అమ్మా?" వెంకటనారాయణ గారు లోపలివైపు చెయ్యి చూపించాడు. "ఆ హారన్లు వినండి. పని అయ్యాక మాట్లాడుకుందాం, మీకు దండం పెడతాను."

"పని అయినంక ఎవలు మాట్లాడుతరు సారూ? ఇప్పుడే రాయుండ్రి. రుక్కమ్మ, మెకానిక్ అని. రాసినంకనే కాలు లోపట పెడ్త."

"ఒక్క పేరు కోసం..."

"మీకు గూడ ఒక్క పేరే గద. రాయుండ్రి."

వాన మళ్లీ తుంపరగా మొదలైంది. మా వెనక కూడా రెండు లారీలు వచ్చి ఆగాయి. హారన్లు మోగుతున్నాయి. సెక్యూరిటీ ఆయన నన్ను చూశాడు, వెంకటనారాయణ గారిని చూశాడు, చివరికి గొలుసు మోస్తున్న మా ఆయనను చూశాడు.

"జంగయ్య నువ్వేనా? మెకానిక్ నువ్వేనా, చెప్పు జల్ది."

నేను ఆయనవైపు తిరగలేదు. ఆ ప్రశ్నకు ఏడేళ్లుగా ఆయన దగ్గర ఒకటే జవాబు ఉంది. దాన్ని మళ్లీ వినాల్సి వస్తే అక్కడినుంచే వెనక్కి తిరిగి పోదామనుకున్నాను. షెడ్డుకు కూడా కాదు, ఎటు పోవాలో తెలియదు గానీ పోదామనుకున్నాను.

గొలుసు భుజం మార్చుకున్న చప్పుడు వినిపించింది.

"జంగయ్యను నేనే. సామాను మోసెటందుకు వచ్చిన. మెకానిక్ ఆమె" అన్నాడు.

సెక్యూరిటీ ఆయన రాసిన గీతను కొట్టేశాడు. "పేరు చెప్పక్కా."

"రుక్కమ్మ. క కింద క ఒత్తు పెట్టు."

రాశాడు. సంతకమా, వేలిముద్రా అని అడిగాడు. సంతకమన్నాను. పెన్ను జారుతుంటే ప్యాంటుకు వేళ్లు తుడుచుకుని నిదానంగానే చేశాను. వెనక ఎన్ని హారన్లు కొడితే నాకేంటి!

ఆ టిప్పర్ మధ్యాహ్నానికి కదిలింది. ఆ వానాకాలం వెంకటనారాయణ గారి నాలుగు బండ్లూ మా షెడ్డుకే వచ్చాయి. ఏ ఇంజనీరూ వాటిని తీసేయమనలేదు. అవన్నీ తర్వాతి సంగతులు. గేటు తెరిచాక నేను ముందు నడిచాను. ఆయన వెనక వస్తున్నాడు. నెల రోజుల తర్వాత మొదటిసారి మాట్లాడుతున్నాం కాబట్టి ఏమనాలో తోచలేదు.

"రింగ్ పానాలు ఏసినవా?" అని అడిగాను.

"ఏసిన. ఇంకేం గావాలె?"

"జర జల్ది నడువు" అన్నాను.

నడిచాడు.